ట్యాంకులోని పాకుడు - దానిని పట్టియుంచు దారము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల గ్రామములకు నేడు శుద్ధిచేయబడిన కృష్ణానీరు గొట్టముల ద్వారా వచ్చుచున్నది. అది ఊరి ట్యాంకులో నిలిచి, ఇంటింటి నల్లాకు చేరును. వచ్చిన నీరు శుద్ధమైనదే యైనను, కొన్నాళ్లు కడుగని ట్యాంకు లోపలి గోడను తాకినచో జారెడు పాకుడు చేతికి తగులును. పంచాయతీ సభ్యులు దానిని వట్టి మురికిగా భావింపరాదని మా మనవి. అది బాక్టీరియాలు కట్టుకొనిన ఇల్లు.

నీటిలో విడివిడిగా తిరుగు బాక్టీరియాలు గోడను అంటుకొని, జిగట పదార్థమును విడుదలచేసి, అందు గుంపులుగా నివసించును. ఈ పొరకే బయోఫిల్మ్ అని పేరు. గోడకు మన్ను తొక్కునపుడు మనము తరిగిన గడ్డి కలుపుదుము గదా! గడ్డి లేని గోడ బీటలువారును. ఈ పొరలో గడ్డివలె పనిచేయునది డి.ఎన్.ఏ. తల్లిదండ్రుల లక్షణములను బిడ్డలకు చేర్చునదిగా మనము వినియున్న ఆ సన్నని దారమే, కణము వెలుపల, పొరను పట్టియుంచుచున్నది.

2002లో సింథియా విట్చర్చ్, ఆమె సహచరులు దీనిని చూపిరి. సూడోమోనాస్ అను బాక్టీరియా పెరుగు ద్రవములో డి.ఎన్.ఏ.ను ఛేదించు ఎంజైమును కలుపగా పొర ఏర్పడలేదు. అప్పటికే ఏర్పడిన లేతపొరలు కరగిపోయెను. ముదిరినవి అంతగా కరగలేదు. ఆ దారము వెలుపలికి వచ్చు విధము మరింత వింత. కొన్ని కణములు గుండ్రముగా ఉబ్బి పగిలిపోవుననియు, వాటి డి.ఎన్.ఏ. తక్కినవానికి ఆధారమగుననియు 2016లో వెల్లడియైనది. కలరా క్రిమి కట్టు పొరలందును ఇట్టి డి.ఎన్.ఏ. కలదు.

ట్యాంకు విషయమున ఇది మనకు ముఖ్యము. బ్లీచింగు పొడినుండి వచ్చు క్లోరిన్, నీటిలో ఒంటరిగా తిరుగు బాక్టీరియాను త్వరగా చంపును. పొరను తాకినపుడు మాత్రము పైపై జిగటతోనే కలిసి ఖర్చయిపోవును. లోపలివి బ్రతికియుండి, పొర ఊడినపుడు నీటితో నల్లాకు దిగును. కనుక పొడి మోతాదు పెంచినంత మాత్రమున చిక్కు తీరదు. ట్యాంకును ఖాళీచేసి, గోడలను, అడుగును బ్రష్షుతో రుద్ది, ఆ నీటిని పారబోసి, పిదప క్లోరిన్ కలుపవలెను. ప్రయోగశాలలోని ఎంజైముతో మనకు పనిలేదు, బ్రష్షు చాలును. నెలకు 1, 11, 21 తేదీలలో కడుగుట మన పల్లెలకు క్రొత్త కాదు. పొర ముదురకముందే దానిని తీసివేయుటకు అదియే తగిన మార్గము. తేదీ గోడపై వ్రాసి పని మానినచో ఫలము లేదు.

లోనికి దిగు పనివానిని ఒంటరిగా పంపరాదు. మూత తెరచి గాలి ఆడనిచ్చి, పైన ఒక మనిషిని నిలుపవలెను. క్లోరోస్కోపు పరీక్ష ట్యాంకు వద్దనే కాక, ఊరి చివరి నల్లావద్దను జరుపవలెను. అచ్చట లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కన్న తక్కువ క్లోరిన్ కనబడినచో, ముందుగా ట్యాంకు మూత తీసి గోడను తాకి చూడవలెను.