ప్రాణరక్షకమగు గుర్తుబిళ్ల

మిరప అమ్మకపు దినములలో మన రైతు లనేకులు బస్తాలతో వరంగల్లు ఎనుమాముల మార్కెట్టునకు పోవుదురు. వారిలో ఇన్సులిను సూది వేసికొను మధుమేహరోగి యొకడు వేళకు అన్నము తినలేదనుకొందము. చెమటలు పట్టును, మాట తడబడును, తుదకు స్పృహ తప్పును. చూచువారు త్రాగి పడినాడని తొలగిపోవుదురు. నిజమునకు నెత్తురులో చక్కెర తగ్గినది, ఆలసించినచో ప్రాణాపాయము. మణికట్టున "మధుమేహము - ఇన్సులిను" అని చెక్కిన బిళ్ల యున్నచో 108 బండివారికి సంగతి తెలియును.

1953లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమందు ఒక వైద్యుని కుమార్తె, ధనుర్వాతపు మందు పడక, చావు తప్పించుకొనెను. ఆ తండ్రి మేరియన్ కాలిన్సు 1956లో మెడికలర్టు సంస్థను స్థాపించి ఇట్టి కడియములను వ్యాపింపజేసెను.

పెన్సిలిను పడనివారికిని, మూర్ఛరోగులకును, నెత్తురు గడ్డకట్టకుండ మందు మ్రింగువారికిని ఇది యుపయోగము. వెండి బంగారము లక్కరలేదు. తుప్పుపట్టని ఉక్కుబిళ్ల చాలును. పేరు, జబ్బు, పడని మందు, ఇంటివారి ఫోను నంబరు తెలుగునను ఇంగ్లీషునను చెక్కింపవలెను. మందు మారినపుడు బిళ్లయు మార్పవలెను.

స్పృహలేనివాని నోట ఏమియు పోయరాదు. 108కి ఫోను చేయవలెను.

జబ్బు దాచుకొనవలసిన తప్పు కాదు. తాయెత్తు మోయు చేతికి ఈ బిళ్ల బరువు కాదని మేము సభ్యులకు మనవి చేయుచున్నాము.