ఎంసీబీ పడకపోతే అంతా బాగున్నట్టేనా? బార్ వైరింగ్ వెనుక భౌతికశాస్త్రం

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. ఆనాటి నుంచి ఈ ఊరికి కరెంటుతో అనుబంధం ఎక్కువే. ఇక్కడి రైల్వే స్టేషన్లలో ఒకదాని పేరే ‘భిలాయి పవర్ హౌస్’. ఇలాంటి భారీ కర్మాగారంలో ఒక మోటారు విప్పాలంటే ముందు షట్‌డౌన్ తీసుకోవాలి. స్విచ్చుకు తాళం వేయాలి, పని జరుగుతోందని బోర్డు తగిలించాలి, పర్మిట్ మీద సంతకాలు కావాలి. డ్యూటీ దిగిన అదే కార్మికుడు సాయంత్రం బజార్లో ఏదో ఒక బార్‌కు వెళ్తే, తల మీది ఫాల్స్ సీలింగ్ లోపల వైర్లను ఎవరు కలిపారో, ఎప్పుడు కలిపారో చెప్పగలిగే మనిషి అక్కడ ఉండకపోవచ్చు. కరెంటు మాత్రం రెండు చోట్లా ఒకే సూత్రాలను పాటిస్తుంది.

“మెయిన్ బోర్డులో ఎంసీబీ ఉంది. ఏదైనా తేడా వస్తే అదే పడిపోతుంది.” వైరింగ్ గురించి అడిగితే చాలామంది ఇచ్చే జవాబు ఇది. ఇందులో మూడో వంతే నిజం. వైరింగ్‌లో వచ్చే ప్రమాదాలు మూడు రకాలు. ఎంసీబీ కాపు కాసేది వాటిలో ఒక్కదానికే.

బార్‌లోనే ఎందుకు ఎక్కువ?

ఒక చిన్న బార్‌ను ఊహించుకుందాం. పది టేబుళ్లు, నాలుగు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్‌తో మొదలైంది. తర్వాత బీరు కూలరు వచ్చింది. మరుసటి ఏడాది ఐస్ మెషిన్, ఆపై రెండో ఏసీ, సౌండ్ సిస్టమ్, రంగు లైట్లు, పెద్ద టీవీ. సామాను పెరిగింది గానీ లోపలి వైరు మొదటి రోజుదే. కొత్త సామాను వచ్చిన ప్రతిసారీ తెలిసిన కుర్రాడెవరో వచ్చి, దగ్గరున్న సాకెట్ నుంచే ఇంకో వైరు లాగి, మెలిపెట్టి టేపు చుట్టి వెళ్లాడు.

దీనికి తోడు ఐసు నీళ్లతో ఎప్పుడూ తడిగా ఉండే నేల, స్టీలు కౌంటరు, చెప్పులు లేకుండా గ్లాసులు కడిగే కుర్రాళ్లు, మసక వెలుతురు, ఒకే తలుపు. ఇంట్లో చిన్న పొరపాటుగా మిగిలిపోయేది ఇక్కడ ప్రాణం మీదికి వస్తుంది.

మొదటి ప్రమాదం: వైరు వేడెక్కడం

వైరులో కరెంటు ప్రవహిస్తే వేడి పుడుతుంది. ఆ వేడి కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని జౌల్ నియమం చెబుతుంది. అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు మీటరుకు సుమారు 0.012 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. అందులో 10 ఆంపియర్లు పారితే మీటరుకు 1.2 వాట్ల వేడి పుడుతుంది. 20 ఆంపియర్లు పారితే అది 4.8 వాట్లకు చేరుతుంది.

వైరు మీది మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వరకే నిలకడగా తట్టుకుంటుంది. చుట్టూ గాలి 30 డిగ్రీలుంటే వైరు ఇంకో 40 డిగ్రీలు వేడెక్కినా పరవాలేదు. భిలాయి మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. రేకుల కప్పు కింద, ఫాల్స్ సీలింగ్ పైన ఇరుక్కున్న గాలి 50 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. అప్పుడు వైరుకు మిగిలేది 20 డిగ్రీల వెసులుబాటే. వెసులుబాటు సగమైతే పుట్టే వేడి కూడా సగమే ఉండాలి. వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, కరెంటును సగం వర్గమూలానికి, అంటే సుమారు 0.71 వంతుకు తగ్గించాలి. 30 డిగ్రీల దగ్గర 16 ఆంపియర్లు మోసే వైరు 50 డిగ్రీల దగ్గర 11 ఆంపియర్లే మోయగలదు. మూడు సర్క్యూట్ల వైర్లను ఒకే గొట్టంలో కుక్కితే ఒకదాని వేడి ఇంకోదానికి తగిలి ఆ సామర్థ్యం ఇంకో 30 శాతం తగ్గుతుంది. చివరికి మిగిలేది 8 ఆంపియర్లు, అసలులో సగం.

ఈ ప్రమాదానికి కాపలా ఎంసీబీ. తన రేటింగు కంటే ఎక్కువ కరెంటు తగినంతసేపు పారితే అది పడిపోతుంది. అయితే వైరు మోయగలిగినదాన్ని బట్టి దాని రేటింగును ఎంచుకున్నప్పుడే ఆ కాపలా పనిచేస్తుంది. వేసవి సాయంత్రం గిరాకీ జోరు మీదున్నప్పుడు 16 ఆంపియర్ల ఎంసీబీ పదే పదే పడుతుంటే, దాన్ని తీసేసి 32 ఆంపియర్లది పెట్టేస్తారు. ఎంసీబీ పడటం ఆగుతుంది. పాత ఫ్యూజులో సన్న తీగకు బదులు లావు తీగ చుట్టడమూ ఇదే కథ. ఇక ఆ సర్క్యూట్‌లో అన్నిటికంటే బలహీనమైనది ఫ్యూజు కాదు, గోడలో ఉన్న వైరు. కాలాల్సి వస్తే అదే కాలుతుంది.

రెండో ప్రమాదం: వదులు జాయింటు

అగ్ని ప్రమాదం జరిగిన చోటల్లా ‘షార్ట్ సర్క్యూట్’ అనే మాట వినిపిస్తుంది. నిజానికి నేరుగా షార్ట్ అయితే వందల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా పారుతుంది. మంచి ఎంసీబీ దాన్ని క్షణంలో తెంచేస్తుంది. చడీచప్పుడు లేకుండా నిప్పు పెట్టేది చాలాసార్లు వదులు జాయింటే.

మెలిపెట్టి టేపు చుట్టిన ఒక జాయింటు దగ్గర 0.2 ఓమ్‌ల నిరోధం ఉందనుకుందాం. దాని గుండా ఏసీకి, కూలరుకు కలిపి 15 ఆంపియర్లు పోతున్నాయి. అక్కడ పుట్టే వేడి 15 × 15 × 0.2, అంటే 45 వాట్లు. రేడియో మెకానిక్ వాడే సోల్డరింగ్ ఐరన్ మామూలుగా 25 వాట్లది. దానికి దాదాపు రెండింతల వేడి, గింజంత చోట, ప్లైవుడ్ వెనుక, గంటల తరబడి పుడుతూ ఉంటుంది.

ఈ సంగతి ఎవరికి తెలుస్తుంది? ఆ జాయింటు దగ్గర తగ్గే వోల్టేజి 3 వోల్టులే కాబట్టి లైట్లు మామూలుగానే వెలుగుతాయి. కరెంటు 15 ఆంపియర్లే కాబట్టి 16 ఆంపియర్ల ఎంసీబీ కదలదు. కరెంటు నేలలోకి పోవడం లేదు కాబట్టి లీకేజీని పట్టే పరికరమూ పడదు. పైగా వేడికి రాగి ఆక్సీకరణం చెంది నిరోధం పెరుగుతుంది. దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. అల్యూమినియం వైరుతో బాధ ఇంకా ఎక్కువ. వేడికి అది రాగి కంటే మూడో వంతు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. స్క్రూ కింద నలిగి, చల్లారాక వదులవుతుంది. దాని మీద ఏర్పడే ఆక్సైడ్ పొర కరెంటును పోనివ్వదు.

వదులు జాయింటు ఏం చేయగలదో దేశం 1997 జూన్ 13న చూసింది. ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలు భవనంలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ ఉదయమే మరమ్మతు చేశారు. కేబుల్ కొసను సరైన క్రింపింగ్ యంత్రంతో బిగించలేదు. సాయంత్రానికి ఆ కొస ఊడిపోయింది. నిప్పురవ్వలు లేచి ట్రాన్స్‌ఫార్మర్ నూనె అంటుకుంది. పొగ హాల్లోకి చేరి 59 మంది చనిపోయారు.

మద్యం, సంగీతం, జనం కలిసే చోట జరిగిన పెద్ద ఉదంతాల్లో ఒకటి అమెరికాలోనిది. కెంటకీ రాష్ట్రం సౌత్‌గేట్‌లోని బెవర్లీ హిల్స్ సప్పర్ క్లబ్‌లో 1977 మే 28 రాత్రి రేగిన మంటలు 165 మందిని బలితీసుకున్నాయి. విడతలు విడతలుగా పెంచుకుంటూ పోయిన భవనం అది. ఒక గదిలో బయటికి కనపడని ఖాళీలో, విద్యుత్ లోపం వల్ల నిప్పు మొదలైందని అధికారిక దర్యాప్తు తేల్చింది. అల్యూమినియం వైరింగ్ మీద బాధితులు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడారు.

మూడో ప్రమాదం: షాక్

తడి చేతులతో, ఉత్త కాళ్లతో నిలబడ్డ మనిషి ఒంటి నిరోధం సుమారు 1,000 ఓమ్‌లు అనుకుందాం. 230 వోల్టులు తగిలితే ఒంట్లోంచి పారే కరెంటు 230 మిల్లీఆంపియర్లు. సుమారు 10 మిల్లీఆంపియర్లకే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదలలేం. 30 మిల్లీఆంపియర్లు దాటి కొద్దిసేపు పారితే గుండె లయ తప్పే ముప్పుంది. 16 ఆంపియర్ల ఎంసీబీకి మాత్రం 230 మిల్లీఆంపియర్లంటే చిన్న బల్బు వేసినంత. మనిషి పోతున్నా అది పడదు. దాని పని వైరును కాపాడటం, మనిషిని కాదు.

ఎర్తు వైరు ఉంటే చాలదా? మూడు పిన్నుల ప్లగ్గులో మూడో పిన్ను విరగ్గొట్టి రెండు రంధ్రాల సాకెట్‌లో గుచ్చితే ఎర్తు ఉన్నా లేనట్టే. బార్ వెనుక ఒక కడ్డీ పాతి ‘ఎర్తింగ్ అయిపోయింది’ అనుకోవడం ఇంకో భ్రమ. ఆ కడ్డీ నుంచి నేలలోకి పోయే దారిలో 20 ఓమ్‌ల నిరోధం ఉంటే, ఫేజు వైరు కూలరు బాడీకి తగిలినా పారేది 230 ÷ 20, అంటే 11.5 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ పడదు. కూలరు బాడీ మాత్రం కరెంటుతో అలాగే ఉంటుంది. మరుసటి ఉదయం తడిబట్టతో దాన్ని తుడిచే కుర్రాడికే ఆ సంగతి తెలుస్తుంది.

ఇక్కడ కాపలా ఆర్‌సీసీబీ. దాని లోపల ఒక అయస్కాంత వలయం గుండా ఫేజు, న్యూట్రల్ రెండూ వెళ్తాయి. వెళ్లిన కరెంటంతా తిరిగి వస్తే రెండింటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కొంత కరెంటు మనిషి ఒంటి గుండా నేలలోకి పోతే లెక్క సరిపోదు. ఆ తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేలోపే పరికరం పడిపోతుంది. తేడా 150 మిల్లీఆంపియర్లు దాటితే సెకనులో 25వ వంతు కంటే ఎక్కువ సమయం తీసుకోకూడదని ప్రమాణాలు చెబుతాయి.

తెలియనివాళ్లు వైర్లు కలిపినచోట ఒక సర్క్యూట్ ఫేజు, ఇంకో సర్క్యూట్ న్యూట్రల్ కలిసిపోతుంటాయి. అప్పుడు లెక్క తప్పి ఆర్‌సీసీబీ పడుతూనే ఉంటుంది. “ఊరికే పడుతోంది” అని దాన్ని బైపాస్ చేసేస్తారు. తప్పును చూపించిన కాపలాదారునే పంపించేయడం లాంటిది ఇది.

న్యూట్రల్ ఊడితే

బార్‌కు మూడు ఫేజుల కనెక్షన్ ఉంటే ఇంకో చిక్కుంది. ఏ రెండు ఫేజుల మధ్య చూసినా 400 వోల్టులుంటాయి. మెయిన్ దగ్గర న్యూట్రల్ వదులై ఊడిపోతే, వేర్వేరు ఫేజుల మీది సామాన్లు ఒకదాని వెనుక ఒకటి కలిసినట్టవుతాయి. ఒక ఫేజు మీద 100 వాట్ల టీవీ, ఇంకో ఫేజు మీద 900 వాట్ల ఐస్ మెషిన్ మాత్రమే ఉన్నాయనుకుందాం. రెండింటినీ మామూలు నిరోధాలుగా లెక్కిస్తే టీవీకి దాదాపు 360 వోల్టులు, మెషిన్‌కు 40 వోల్టులు పడతాయి. కొన్ని లైట్లు ఉన్నట్టుండి దేదీప్యమానంగా వెలిగి, కొన్ని మినుకుమినుకుమంటే వెంటనే మెయిన్ ఆపాలి.

ఏం చేయాలి?

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు మార్చడం లాంటి చిన్న పనులు మినహా వైరింగ్‌లో మార్పులు, చేర్పులు, మరమ్మతులు లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలి. యోగ్యతా పత్రం ఉన్న వ్యక్తి దగ్గరుండి చూడాలి. కర్మాగారంలోని పర్మిట్‌కు బజార్లో సాటి ఇదే.

యజమాని చేయాల్సినవి:

• ఏసీ, ఐస్ మెషిన్, కూలరు ఒక్కోదానికి విడి సర్క్యూట్, తగిన మందం వైరు, ఆ వైరుకు సరిపోయే ఎంసీబీ పెట్టించాలి.
• కౌంటరు, వంటగది, గ్లాసులు కడిగే చోటు సర్క్యూట్లకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. దాని మీది టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి చూడాలి.
• జాయింట్లు మూత ఉన్న జంక్షన్ బాక్సులోనే, సరైన కనెక్టరుతో ఉండాలి. వేసవికి ముందు స్క్రూలన్నీ బిగించి చూపించాలి. ఎర్తు నిరోధాన్ని కొలిపించి రాసిపెట్టుకోవాలి.
• జనరేటరును సాకెట్ ద్వారా ఎక్కించకూడదు. ఆ కరెంటు వెనక్కి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల వోల్టులకు పెరిగి, స్తంభం మీది లైన్‌మన్ ప్రాణం తీయగలదు. ఛేంజోవర్ స్విచ్ తప్పనిసరి.

పనివాళ్లు, వచ్చినవాళ్లు గమనించాల్సినవి నాలుగే: ప్లాస్టిక్ కాలిన వాసన, గోధుమ రంగుకు తిరిగిన సాకెట్, చేయి పెడితే వేడిగా తగిలే స్విచ్ బోర్డు, ముట్టుకుంటే జివ్వుమనే ఫ్రిజ్. వీటిలో ఏది కనిపించినా ఆ సర్క్యూట్ ఆపించాలి. ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ కట్టేయాలి, ఆ తర్వాతే మనిషిని ముట్టుకోవాలి.

‘ఫ్రిజ్ కొంచెం జివ్వుమంటోంది’ అని కుర్రాడు చెప్పినప్పుడు ‘చెప్పులేసుకుని ముట్టుకోరా’ అనడం జవాబు కాదు. అప్పటికే కరెంటు రాకూడని చోటికి వచ్చేసింది. ఎంసీబీకి ఆ సంగతి తెలియదు. ఆ కుర్రాడికి తెలిసింది, చెప్పాడు. ఆ మాట విని మెయిన్ ఆపడమే ఆ పూట చేయాల్సిన మొదటి మరమ్మతు.