ఆరోగ్య ప్రశ్నోత్తరములు: పసికందు గుండెయు, ఎక్మో యంత్రమును

ప్రశ్న: నెల నిండిన మా మనుమనికి పుట్టుకతోనే గుండెలో పెద్ద రంధ్రమున్నదనియు, కొన్ని మాసములాగి శస్త్రచికిత్స చేయుదమనియు వైద్యులు చెప్పినారు. మా బంధువుల యింట ఇట్టి శిశువునకే జలుబు ముదిరి, ఊపిరి అందక, ఎక్మో అను యంత్రముపై ఉంచినారట. యంత్రమెక్కిన బిడ్డ దిగడని ఇరుగుపొరుగువారనుచున్నారు. మాకట్టి స్థితి వచ్చినచో ఒప్పుకొనవచ్చునా?
— ఒక తాతగారు, తెనాలి

జవాబు: ఆ రంధ్రము గుండె దిగువ గదుల నడిమి గోడకున్నదని తలచి చెప్పుచున్నాను. శరీరమునకు పోవలసిన రక్తములో కొంత ఆ రంధ్రముగుండా కుడివైపునకు మరలి, తిరిగి ఊపిరితిత్తులకే చేరుచుండును గనుక, ఆ లేత ఊపిరితిత్తులు జలుబు సోకకమునుపే నెమ్మెక్కి బరువుగా నుండును. పెద్దలను రెండు తుమ్ములతో వదలిపెట్టు ఆర్.ఎస్.వి. అను వైరసే అట్టి బిడ్డకు సోకెనేని, మిక్కిలి సన్నని శ్వాసనాళికలు వాచి శ్లేష్మముతో పూడిపోయి, ప్రాణవాయువు తగ్గినకొలదియు ఊపిరితిత్తుల రక్తనాళములు బిగుసుకొని, ఆ బిగువున కెదురుగా రక్తమును నెట్టలేక గుండె కుడిభాగము అలసిపోవును.

ఆక్సిజను, ముక్కు గొట్టముద్వారా పాలు, అవసరమైనచో శ్వాసయంత్రము: పెక్కుమంది శిశువులు ఇంతటితోనే కోలుకొందురు. శ్వాసయంత్రపు ఒత్తిడియే ఊపిరితిత్తులను గాయపరచు దశ వచ్చినప్పుడుగాని ఎక్మో మాట రాదు. మెడలోని పెద్ద సిరనుండి నల్లబారిన రక్తమును వెలికి తీసి, సన్నని పొరద్వారా దానికి ప్రాణవాయువు నెక్కించి, బొగ్గుపులుసు వాయువును తొలగించి, వెచ్చచేసి మరల దేహములోనికి పంపుట దాని పని. గుండెకు సత్తువ యున్నచో ఆ రక్తమును సిరలోనికే విడుతురు. గుండెయు తడబడుచున్నచో ధమనిలోనికి పంపుదురు. మూడు కిలోల బిడ్డ ఒంటిలోని రక్తమంతయు ఇంచుమించు పావులీటరే గనుక, యంత్రపు గొట్టములను ముందుగా దాతల రక్తముతో నింపుదురు.

యంత్రమెక్కిన బిడ్డ దిగడన్న మాట నిజము కాదు. 1953లో అమెరికాలో జాన్ గిబ్బన్ గుండె శస్త్రచికిత్సకు సఫలముగా వాడిన యంత్రము రోగిని అర్ధగంటలోపు మాత్రమే మోసినది. 1975లో కాలిఫోర్నియాలో రాబర్ట్ బార్ట్‌లెట్ ఇట్టి యంత్రముపై ఒక నవజాత శిశువును దినముల తరబడి నిలిపి బ్రతికించెను. బ్రిటనులో 185 మంది శిశువులపై జరిపి 1996లో ప్రకటించిన పరీక్షలో, ఎక్మోకు పంపబడిన 93 మందిలో 30 మందియు, పాత పద్ధతిలోనే చికిత్స పొందిన 92 మందిలో 54 మందియు మరణించిరి. అయితే వారి వ్యాధులు ప్రధానముగా ఊపిరితిత్తులవి. గుండెయు చెడినచోట అంత ఫలము నాశింపరాదు.

ఈ యంత్రము రోగమును కుదుర్పదు, గడువు నిచ్చునంతే. కావున ఆ గడువులో నయము కాదగినదేమున్నదని వైద్యుని మొట్టమొదట అడుగుడు. మీ మనుమని విషయమున వైరసు కొలది వారములలో తగ్గునది, రంధ్రము మూయదగినది. అందుచే నేనైతే ఒప్పుకొమ్మనియే చెప్పుదును. రక్తము గడ్డకట్టకుండ హెపారిను ఇచ్చుచుందురు గనుక మెదడులో రక్తస్రావమగు ప్రమాదము కలదు. అందుకే మాడుమీదుగా తరచు స్కానింగు చేయుదురు. మెదడు తీవ్రముగా దెబ్బతిన్నను, వారములు గడచినను ఊపిరితిత్తులు కోలుకొను జాడ లేకున్నను, యంత్రము నాపుదమని వైద్యులనవచ్చును. అప్పుడు సమ్మతించిన తలిదండ్రులను బిడ్డను చంపుకొన్నారని నిందించుట క్రూరము. రెండు కిలోలకు తక్కువగా, నెలలు నిండక పుట్టిన శిశువులకు సాధారణముగా ఈ చికిత్స చేయరు. చేయగల ఆసుపత్రులును కొద్ది. ఎక్కడికి పోవలయునో ఇప్పుడే మీ గుండె వైద్యుని అడిగి యుంచుకొనుడు.

అంతదాక రాకుండుటకు మీ చేతిలోనున్నది చాల గలదు. స్నానానంతరము సాంబ్రాణి పొగ వేయుట మానుడు. పెద్దల కిది కష్టముగా తోచును, కాని ఆ పొగ ఈ బిడ్డకు పనికిరాదు. జలుబుతో వచ్చిన చుట్టము ఎంత దగ్గరివాడైనను బిడ్డ నెత్తుకొననీయకుడు. చేతులు సబ్బుతో కడుగక ఎవ్వరును ముట్టరాదు. ఆర్.ఎస్.వి. నడ్డగించు ప్రతిరక్షక సూదిమందులు కలవు: నెలనెల ఇచ్చు పాలివిజుమాబ్, ఒక్కసారి ఇచ్చు నిర్సెవిమాబ్, మీ బిడ్డకు తగునా యని అడుగుడు. నిమిషమునకు అరువది లేక అంతకు మించి ఊపిరులు తీయుచున్నను, డొక్కలెగరవేయుచున్నను, పాలు త్రాగుచు నుదుట చెమటలు పట్టి మధ్యలో మానుచున్నను, నాలుక నీలిపడినను, ఊపిరి ఆగియాగి వచ్చుచున్నను, తెల్లవారుదాక ఆగక 108కి ఫోను చేయుడు.

ప్రశ్న: మా పాపకు గుండె శస్త్రచికిత్స తేదీ ఇచ్చినారు. నిన్నటినుండి జలుబు, కొద్దిపాటి దగ్గు. తేదీ తప్పినచో మరల ఎప్పుడు దొరకునో యని భయము.
— ఒక తల్లి, ఖమ్మము

జవాబు: జలుబు సంగతి దాచకుడమ్మా. ఆర్.ఎస్.వి. వంటి వైరసులు సోకి తగ్గకముందే గుండెను తెరచినచో, పిదప ఊపిరితిత్తుల రక్తనాళములలో ఒత్తిడి విపరీతముగా పెరుగవచ్చును. అందుచే తొందర లేని శస్త్రచికిత్సలను కొన్ని వారములు వాయిదా వేయుట వాడుక. ఆగుటకు వీలులేని గుండెలోపములును కలవు. ఏది మేలో తేల్చవలసినవారు శస్త్రవైద్యులు. ఈనాడే ఆసుపత్రికి ఫోను చేసి చెప్పి, క్రొత్త తేదీని కాగితముపై వ్రాయించుకొనుడు.