మొలలు: మన కుర్చీ దగ్గరే ఉన్న రిస్కు

జగదల్‌పూర్‌కు బదిలీ మీద వచ్చిన మొదటి ఏడాది, ఫీల్డ్ విజిట్ ఉన్న రోజుల్లో నేను మంచినీళ్లు తాగేవాణ్ణి కాదు. గీదం మీదుగా దంతెవాడ దాకా వెళ్లి రావాలి, దారిలో మరుగుదొడ్డి దొరుకుతుందో లేదోనని బెంగ. మిగతా రోజుల్లో పొద్దున్నుంచి క్యాష్ టాలీ అయ్యేదాకా కుర్చీయే. మధ్యాహ్నం తెల్లన్నం, పప్పు, ఆవకాయ. ఒకరోజు ఉదయం రక్తం కనిపించింది. నొప్పి లేదు. మొలలే అయి ఉంటాయని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. మూడు నెలలు మా ఆవిడకి కూడా చెప్పలేదు.

అప్పుల ఫైళ్లలో రిస్కు ఎక్కడుందో వెతికేవాణ్ణి, నా ఒంట్లో మాత్రం వెతకలేదు. మలద్వారం లోపల రక్తనాళాలతో నిండిన మెత్తని పొరలు అందరికీ ఉంటాయి. వాటి మీద పదేపదే ఒత్తిడి పడితే ఉబ్బి కిందికి జారతాయి. అవే మొలలు. మలబద్ధకంతో ముక్కడం అందులో మొదటిది. ఎడతెగని విరేచనాలు, గర్భం, స్థూలకాయం, బరువులెత్తే పని కూడా దోహదం చేస్తాయి. వయసు మీదపడేకొద్దీ ఆ పొరలను పట్టి ఉంచే కణజాలం సడలుతుంది. కారం వల్లే వస్తాయని మా ఇంట్లో అనేవారు. కారం ఉన్న మంటను పెంచవచ్చు గానీ, అసలు దోషం దానిది కాదు.

ఇక సెల్‌ఫోను. బ్రాంచి గ్రూపులో టార్గెట్ల మెసేజీలు నేను చదివేది మరుగుదొడ్లోనే. బోస్టన్‌లో కొలనోస్కోపీకి వచ్చిన 125 మందిని పరిశీలించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో, టాయిలెట్లో ఫోను చూసేవారికి మొలలుండే అవకాశం 46 శాతం ఎక్కువని తేలింది. చిన్న అధ్యయనమే, ఫోనే కారణమని అది రుజువు చేయదు. కానీ ఫోను చేతిలో ఉంటే అయిదు నిమిషాల పని ఇరవై నిమిషాలవుతుందని నాకు స్వానుభవం. కమోడ్ మీద కూర్చున్నంతసేపూ ఆ భాగానికి కింద ఆధారం ఉండదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన 2000 కేలరీల భోజనంలో 30 గ్రాముల పీచు ఉండాలి. నా క్యారియర్‌లో అందులో సగమైనా ఉండేదా అని అనుమానం. ఇక్కడి సంతలకు వచ్చేవాళ్లు ఎండు సొరకాయ బుర్రల్లో తెచ్చుకునే మడియా పేజ్ మన రాగి అంబలే. పీచూ, నీళ్లూ ఒకే గుక్కలో! ఇప్పుడు నా టేబుల్ మీద కూడా అదే.

చివరికి డాక్టరు దగ్గరికి వెళితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "మొలలని మీకెవరు చెప్పారు?" పెద్దపేగు క్యాన్సర్‌లోనూ రక్తం పడవచ్చు. మలవిసర్జన అలవాటు మారినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత వచ్చినా, ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉన్నా ఒక్క రోజు కూడా ఆగకూడదన్నారు. నా వయసు నలభై ఆరు. కేశ్‌కాల్ ఘాట్ దిగి రాయపూర్ వెళ్లి కొలనోస్కోపీ చేయించుకున్నాను. ఆ మూడు వందల కిలోమీటర్లూ నేనూ, మా ఆవిడా పెద్దగా మాట్లాడుకోలేదు.

మొదటి దశ మొలలే అని తేలింది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. తిరుగు దారిలో కాంకేర్‌లో బండి ఆపించి రెండు సీసాల నీళ్లు కొన్నాను.