ఆకు ఎటు ముడిచింది?

మార్కాపురం పేరు చెబితే పలక గుర్తుకొస్తుంది. మనలో చాలామంది అ, ఆ దిద్దింది రాతి పలక మీదే. ఆ పలక ఆకు ఫోటో తీయడానికి కూడా పనికొస్తుంది. ఎట్టాగో చదవండి.

ఒక మిరప తోట. అత్త, కోడలు కలుపు తీస్తున్నారు. మొక్కల చిగుళ్లు ముడుచుకుపోయాయి.

"పోయిన ఏడు కూడా ఇట్టాగే ముడిచింది గదా అత్తా?"

"అవునమ్మా. మీ మామ కొట్టుకు పోయి 'మిరప ముడిచింది' అన్నాడు. వాళ్లిచ్చిన మందు రెండుసార్లు కొట్టాం. తగ్గలేదు. డబ్బూ పోయె, కాయా పోయె."

"ఎటు ముడిచిందో మామ చెప్పలేదు గదా!"

"ఎటు ముడిస్తే ఏందమ్మా?"

ఏందో చూద్దాం.

ఆకు అంచులు పైకి ముడిస్తే అది పై ముడత. ఆకు పడవలాగా ఉంటుంది. ఇది తామర పురుగు పని. అంచులు కిందికి ముడిస్తే అది కింద ముడత. ఆకు తిరగేసిన పడవలాగా ఉంటుంది. కాడ సాగుతుంది. ఇది నల్లి పని. నల్లి సాలీడు జాతిది. తామర పురుగు మందులన్నీ నల్లి మీద పనిచేయవు.

ఇంకొకటి నల్ల తామర పురుగు. మన దేశంలో దీన్ని మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. 2021-22లో ఇది ఆంధ్ర, తెలంగాణ మిరప తోటలను బాగా దెబ్బతీసింది. ఇది పూలలో ఎక్కువగా ఉంటుంది.

ఏ పురుగో తెలిస్తేనే సరైన మందు తెలుస్తుంది. అందుకే ఆకు ఫోటో స్పష్టంగా ఉండాలి.

కోడలు ఫోను తీసింది. మిట్టమధ్యాహ్నం ఎండకు ఆకు తళతళా మెరిసింది. మచ్చలు కనపడలేదు. ఇంకో ఫోటోలో ఆమె నీడే పడింది. మరో ఫోటో మరీ దగ్గర నుంచి తీసింది. మసకగా వచ్చింది.

మర్నాడు పొద్దున్నే మళ్లీ తీసింది. ఈసారి ఇట్టా చేసింది:

1. ఫోను వెనక అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచింది.
2. ఎండ నేరుగా పడని చోట, వెలుతురు బాగా ఉన్న చోట పలక పెట్టింది.
3. అప్పుడే ముడత మొదలైన ఆకును పలక మీద ఉంచింది. ఎండిన ఆకును తీసుకోలేదు.
4. ఫోనును జానెడు దూరంలో రెండు చేతులతో పట్టుకుంది. తెర మీద ఆకు బొమ్మను వేలితో తాకింది. ఆకు స్పష్టంగా కనపడ్డాక ఫోటో తీసింది.
5. ఆకు పైభాగం, అడుగుభాగం, పక్క నుంచి ముడత, మొత్తం మొక్క – నాలుగు ఫోటోలు తీసింది.
6. పూలను తెల్ల కాగితం మీద తట్టి చూసింది. నల్ల పలక మీద నల్ల పురుగు కనపడదు గదా!

ఇద్దరూ ఊళ్లోని రైతు సేవా కేంద్రానికి పోయారు. 2020లో పెట్టినప్పుడు దాని పేరు రైతు భరోసా కేంద్రం. అక్కడి సహాయకురాలు ఫోటోలు చూసింది. "కింద ముడత. కాడ కూడా సాగింది. ఇది నల్లిలాగే ఉంది. ఒకసారి తోట కూడా చూస్తా" అంది. తోట చూశాక మందు పేరు, మోతాదు చెప్పింది.

కోడలు ఆ పేరు పలక మీద రాసుకుంది. కొట్టులో సీసా మీది పేరు తనే కూడబలుక్కుని చదివింది. రెండు పేర్లూ ఒకటే. అప్పుడు డబ్బు ఇచ్చింది.

"ఆకు ఫోటో తీశావు, సీసా చదివావు. ఇంక మనల్ని ఎవరు మోసం చేస్తారు!" అంది అత్త.

గుర్తుంచుకోండి: కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551. డబ్బు ఖర్చు లేదు. తెలుగులో అడగవచ్చు. ఆకు ఎటు ముడిచిందో తప్పక చెప్పండి.

చెప్పండి:
1. పై ముడతకు, కింద ముడతకు తేడా ఏమిటి?
2. మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటోలో మచ్చలు ఎందుకు కనపడలేదు?

చేసి చూడండి:
మీ పెరట్లో ఒక ఆకును పలక మీద పెట్టండి. ఎండలో ఒక ఫోటో, నీడలో ఒక ఫోటో తీయండి. ఏది బాగుందో మీ పక్కింటి వాళ్లకు చూపించండి.