హోటల్ పాయింట్లు, ఎలైట్ స్టేటస్: చేయవలసినవి, చేయకూడనివి

రాయికల్ మండలంలో గల్ఫ్‌తో సంబంధం లేని వాడకట్టు తక్కువ. దుబాయి, దోహాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లివచ్చే తల్లిదండ్రులు, ముంబయి, సూరత్ తిరిగే సిరిసిల్ల బట్టల వ్యాపారులు, క్రెడిట్ కార్డు తీసుకున్న కోరుట్ల, జగిత్యాల ఉద్యోగులు ఇప్పుడు హోటల్ పాయింట్లు పోగుచేస్తున్నారు. పాయింటును రూపాయిలాగే లెక్కపెట్టండి, రూపాయిలాగే కాపాడుకోండి.

చేయవలసినవి

• హోటల్ సభ్యత్వ ఖాతాలో పేరును పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా నమోదు చేయండి.

• పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ప్రయాణానికి ముందే సరిచేయించుకోండి. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసాపై వచ్చేవారికి యూఏఈ 2022 నవంబర్‌లో ఆంక్ష పెట్టింది.

• గదిని హోటల్ సొంత యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ బుక్ చేయండి. బయటి సైట్లలో తీసుకున్న గదికి మారియట్, హిల్టన్ వంటి సంస్థలు సాధారణంగా పాయింట్లు ఇవ్వవు.

• పాయింట్లు వాడేముందు లెక్క వేయండి. పన్నుతో కలిపి గది అద్దె 9,000 రూపాయలు, అడిగే పాయింట్లు 15,000 అయితే పాయింటుకు 60 పైసలు వచ్చినట్టు. అదే గదికి 30,000 అడిగితే 30 పైసలే. అప్పుడు డబ్బు కట్టి పాయింట్లు దాచుకోండి.

• దసరా, పెళ్లిళ్ల సీజన్ వంటి రద్దీ రోజుల్లో రెండు ధరలూ పక్కపక్కన పెట్టి చూడండి. అద్దె మండిపోయినప్పుడే పాయింటుకు ఎక్కువ విలువ దక్కవచ్చు.

• మారియట్‌లో పాయింట్లతో ఉండేటట్టయితే ఐదు రాత్రులు వరుసగా ఒకే బుకింగ్‌లో తీసుకోండి; నాలుగు రాత్రుల పాయింట్లే పడతాయి.

• గడువు తేదీని క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. ఖాతా కదలకుండా ఉంటే మారియట్ పాయింట్లు 24 నెలలకు, ఎలైట్ స్టేటస్ (ఎక్కువ రాత్రులు ఉండే సభ్యులకిచ్చే హోదా) లేని సభ్యుల ఐహెచ్‌జీ హోటళ్ల పాయింట్లు 12 నెలలకు పోతాయి.

• దుబాయిలో పాయింట్లతో గది తీసుకున్నా చేతిలో దిర్హాములు ఉంచుకోండి; టూరిజం దిర్హం పేరిట గదికి రాత్రికి 7 నుంచి 20 దాకా కౌంటర్ దగ్గర కట్టాలి.

• తాళం తీసుకునే ముందే మూడు అడగండి: నా సభ్యత్వ నంబరు బుకింగ్‌లో ఉందా? టిఫిన్ ఉచితమా? ఎన్ని గంటలకు ఖాళీ చేయాలి?

• బిల్లును పాయింట్లు జమయ్యేదాకా దాచండి.

• హైదరాబాదు హోటల్లో గుర్తింపు అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. చివరి నాలుగు అంకెలే కనబడతాయి.

• హోటల్ ఖాతాకు వేరే పాస్‌వర్డ్ పెట్టండి. తాను కొన్న స్టార్‌వుడ్ హోటళ్ల అతిథుల సమాచారం చోరీ అయిందని 2018 నవంబర్‌లో మారియట్ ప్రకటించింది, సుమారు 52.5 లక్షల పాస్‌పోర్టు నంబర్లు ఎన్‌క్రిప్షన్ లేకుండానే దొంగల చేతికి చిక్కాయి. అంత పెద్ద సంస్థ తాళమే పగిలినప్పుడు మన తాళం ఇంకా గట్టిగా ఉండాలి.

చేయకూడనివి

• పాయింట్ల పేరుతో వచ్చిన ఫైలును తెరవకండి. వాట్సాప్‌లో బ్యాంకు గుర్తుతో సందేశం వస్తుంది: మీకు ఇన్ని వేల రూపాయల పాయింట్లున్నాయి, ఈ రాత్రితో గడువు సరి, కింది యాప్ వేసుకోండి. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటుంది. అది ఫోన్లో చేరితే మీకొచ్చే ఓటీపీలు అవతలివాడికి కనబడతాయి. ఇలాంటి లింకులు, ఏపీకేలు తాము పంపమని ఎస్‌బీఐ బహిరంగంగానే హెచ్చరించింది.

• తెలిసిన గ్రూపులో వచ్చిందని కూడా నమ్మకండి. ఆ ఫోను అప్పటికే దొంగల చేతిలో ఉండవచ్చు.

• ఓటీపీ ఎవరికీ చెప్పకండి, హోటల్ నుంచే ఫోన్ అన్నా సరే.

• హోటళ్లకు రేటింగ్ ఇస్తే డబ్బులిస్తామనే పనికి ఒప్పుకోకండి. మొదట వందలు ఇచ్చి తర్వాత లక్షలు కట్టించుకుంటారు.

• లక్కీ డ్రాలో మూడు రాత్రుల విడిది తగిలింది, భార్యాభర్తలిద్దరూ రండి అని పిలిస్తే వెళ్లకండి; అది హాలిడే సభ్యత్వం అంటగట్టే పిలుపు.

• వెళ్లినా ఆ రోజు కార్డు గీకకండి. ఇవాళ ఒక్కరోజే ఈ ధర అని గంటలకొద్దీ కూర్చోబెడతారు. ఏటా కట్టాల్సిన మెయింటెనెన్సు సంగతి సన్న అక్షరాల్లో ఉంటుంది. హోటళ్లు ఉచితంగా ఇచ్చే సభ్యత్వం వేరు, లక్షలు కట్టించుకునే హాలిడే సభ్యత్వం వేరు.

• స్టేటస్ కోసం అక్కరలేని రాత్రులు ఉండకండి. మారియట్‌లో గోల్డ్‌కు ఏడాదికి 25 రాత్రులు, ప్లాటినంకు 50 కావాలి. ఏడాదికి రెండుసార్లు ప్రయాణించే కుటుంబం ఆ మెట్లు ఎక్కాలనుకోవడం దండగ.

• పెద్ద గది ఇస్తారని ముందే ఇంటిల్లిపాదికీ మాట ఇవ్వకండి. ఖాళీ ఉంటేనే ఇస్తారు.

• పాయింట్ల కోసం కార్డు బాకీ మిగల్చకండి. నెలకు సుమారు మూడున్నర శాతం వడ్డీ ముందు ఏ పాయింటూ నిలవదు.

• పాయింట్లను బయటివాళ్లకు అమ్మకండి, వాళ్ల దగ్గర కొనకండి. అది నిబంధనలకు విరుద్ధం, ఖాతా మూసేస్తారు.

• ఏళ్ల తరబడి కూడబెట్టకండి. మారియట్ 2022లో స్థిరమైన పాయింట్ల పట్టికను ఎత్తేసింది. ఇవాళ్టి ధర రేపు ఉంటుందన్న హామీ లేదు.

• బుకింగ్ నంబరు కనబడేలా ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి.

ఇప్పటికే డబ్బు పోయి ఉంటే

• పరువు పోతుందని దాచకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారి చేజారుతుంది.

• కార్డును బ్యాంకుతో ఆపించండి. హోటల్ ఖాతా పాస్‌వర్డును వేరే ఫోన్ నుంచి మార్చండి.

• సందేశాలను చెరిపేయకండి. స్క్రీన్‌షాట్లు తీసి జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

• హాలిడే సభ్యత్వంలో చిక్కుకుంటే ఒప్పందం, రశీదు తీసుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటుకు సంబంధించిన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, కంపెనీ ఆఫీసున్న ఊరికి వెళ్లనక్కరలేదు.