బొమ్మలేసేవాడికి ఏ కోర్సు?

ప్రశ్న: మాది చెరుకుపల్లి. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. బొమ్మలు బాగా వేస్తాడు, డిజైన్ చదువుతానంటున్నాడు. ఆ చదువుతో బతుకుతెరువు ఉంటుందా?

జవాబు: ఉంటుందమ్మా. ముందు అబ్బాయిని ఒకసారి తెనాలి తీసుకెళ్లండి. పాత బండ్ల చైన్లు, గేర్లు, నట్లు వెల్డింగ్ చేసి నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్నారక్కడ. ఈ పని జీవనంగా ఎలా సాగుతుందో వాడే కళ్లారా చూస్తాడు.

డిజైన్‌కు మొదట గుంటూరు ప్రాంతంలోనే 2015లో మొదలైన ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్ చూడండి. నాలుగేళ్ల బీడిజైన్‌లో కమ్యూనికేషన్, ఇండస్ట్రియల్, టెక్స్‌టైల్ విభాగాలున్నాయి. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫరవాలేదు, 'డ్యాట్' పరీక్ష రాయాలి. ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్‌కు 'యూసీడ్' రాయాలి. బొమ్మలే ప్రాణమైతే బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) మేలు: హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ వర్సిటీ), కడపలో వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ వర్సిటీ ఉన్నాయి.

ఏ కాలేజీలోనైనా ఫీజు కట్టేముందు అక్కడి నాలుగో ఏడాది పిల్లల పని చూపించమనండి. చూపించకపోతే చేర్పించొద్దు.

హీరోల ఫొటోలు చూసి దించిన బొమ్మలు ఈ పరీక్షల్లో పనికిరావు. బస్టాండ్‌లో జనం, కూరల కొట్టు, సైకిల్ రిపేరు చేసే చేతులు చూసి గీయమనండి, రోజూ ఒకటి. తేదీ వేసి దాచమనండి. దరఖాస్తుల గడువులు ఏటా మారుతుంటాయి, దసరా నుంచే ఆ సంస్థల వెబ్‌సైట్లు చూస్తూ ఉండండి.